లిఫ్టత్త పైకి పోయిన రోజు

లిఫ్టత్తకు ఆ పేరు పెట్టింది ఐదో అంతస్తు పిల్లలు. అంతకుముందు ఆవిడ లిఫ్టాయన పెళ్ళాం. అంతకుముందు ఎవరి కూతురో. సొంత పేరు పెట్టి ఆవిడను పిలిచినవాడు బడిపంతులు ఒక్కడే, అదీ చెయ్యి చాపమని చెప్పడానికి. మూడో తరగతితో ఆ పిలుపూ ఆగిపోయింది. ఆవిడకు దాని మీద బెంగేమీ లేదు. చదువుకున్నవాళ్ళను రోజూ పైకీ కిందికీ మోస్తూ వాళ్ళ తెలివి ఏపాటిదో చూస్తూనే ఉన్నానని అనేది.

ఆ లిఫ్టు ఉన్న భవనం పాతది, బ్యాంకు వెనక సందులో ఉంటుంది. కింద గాజుసామాను కొట్టు. మొదటి అంతస్తులో పళ్ళ డాక్టరు. రెండులో ఇద్దరు ప్లీడర్లు, ఒకే వసారాలో ఎదురెదురు గదులు, ఒకరితో ఒకరికి మాటల్లేవు. మూడులో బీమా ఆఫీసు. నాలుగులో ఎప్పుడో మూతపడిన టైపు బడి, దాని తాళానికి తుప్పు. ఐదులో ఈ పిల్లలు. లిఫ్టు ఆ భవనం కన్నా ముందే పుట్టినట్టు ఉంటుంది. కటకటాల తలుపులు రెండు, రెండూ బిగిసి పడితేనే కదులుతుంది. లోపల ఇత్తడి పిడి ఒకటి. అటు తిప్పితే పైకి, ఇటు తిప్పితే కిందికి. అంతస్తు ఇంకో జానెడు ఉందనగానే పిడి వదిలెయ్యాలి. ఆలస్యం చేశారా, నేల ఒకచోట, లిఫ్టు ఒకచోట. ఎక్కబోయినవాడు బోర్లా పడతాడు. అందుకే ఆ డబ్బాలో ఒక స్టూలు, స్టూలు మీద ఒక మనిషి.

ఆ మనిషి చాలా ఏళ్ళు ఆవిడ మొగుడే. ఆయనకు మంచి గొంతు ఉండేది. "మూడో అంతస్తు. బీమా." అంటే రేడియోలో వార్తలు చదివినట్టు ఉండేది. పన్ను పీకించుకోవడానికి ఏడుస్తూ వచ్చే పిల్లలు కూడా "మొదటి అంతస్తు, పళ్ళ డాక్టరు గారు" అన్న ఆ గొంతు విని, అదేదో మంచి చోటనుకుని ఏడుపు ఆపేవాళ్ళు. ఆ గొంతు మీద ఆయనకు గర్వం, ఆ గర్వం మీద ఆవిడకు వేళాకోళం. ఇంట్లో మాత్రం ఆయన నోరు విప్పేదే తక్కువ. రోజంతా లిఫ్టులో వాడగా మిగిలిన గొంతుతో సాయంత్రం ఒకటో రెండో మాటలు అనేవాడు. ఆవిడ వాటికి వంద కలిపి జవాబు చెప్పేది. సంసారం అలాగే బాగా నడిచింది. పిల్లలు లేరు. ఎందుకు లేరని అడిగినవాళ్ళకు ఆవిడ ఇచ్చిన జవాబులు అచ్చు వెయ్యడానికి వీల్లేదు.

పోయిన వానల్లో ఒక ఉదయం ఆయన చొక్కా తొడుక్కుంటూ ఆగిపోయాడు. కుడి చెయ్యి చొక్కా చేతిలోకి దూరింది గానీ అవతలికి రాలేదు. పక్షవాతం. ఆసుపత్రిలో మంచం మీద మూట పెట్టినట్టు పెట్టారు. ఆవిడ కింద నేల మీద కూర్చుని, దారిన పోయే ప్రతి నర్సుతోనూ తగాదా పెట్టుకుంటూ కాపలా కాసింది. కొన్నాళ్ళకు ఆయన కళ్ళు తెరిచాడు. నోరు తెరిచాడు. మొహమంతా కష్టపెట్టి ఒక్క మాట అన్నాడు.

"గోళ్ళు."

పెదవులు ఎండిపోయి ఉన్న మనిషి గోళ్ళు అడగడమేమిటో ఆవిడకు అర్థం కాలేదు. నీళ్ళు అనబోయాడని తెలిసేసరికి నవ్వు తన్నుకొచ్చింది. మొగుడు బతికాడన్న సంతోషం ఆ నవ్వులోనే ఉంది, అన్నాళ్ళు బిగబట్టిన ఏడుపూ అందులోనే ఉంది. కానీ వినేవాడికి నవ్వు నవ్వులాగే వినిపిస్తుంది. పక్క మంచాలవాళ్ళు కూడా అందుకున్నారు. ఆయన నీళ్ళు తాగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఆ నోరు అన్నానికీ మందుకీ మాత్రమే తెరుచుకుంది, మాటకు తెరుచుకోలేదు.

డాక్టరు ఆవిడను పక్కకు పిలిచి, మాట లోపల భద్రంగానే ఉందమ్మా, నోటి దాకా వచ్చే దారిలో తప్పిపోతోంది, మాట్లాడిస్తూ ఉంటే దారి దొరుకుతుంది, ఊరుకుంటే ఉన్న దారి పూడుకుపోతుంది అని చెప్పాడు. ఆవిడ ఊరుకునే రకమా? బతిమాలింది. తిట్టింది. అలిగింది. సరిదిద్దుతాడేమోనని కావాలని తప్పులు చెప్పింది. రెండో అంతస్తులో పళ్ళ డాక్టరు, మూడో అంతస్తులో గాజుసామాను అంది. ఆ తప్పులు విని ఆయన మొహం చేదు తిన్నట్టు పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు, సరిదిద్దలేదు. తన నవ్వే ఆ నోటికి తాళం వేసిందని ఆవిడకు తెలుసు. ఎవరితోనూ అనలేదు. ఇంకొక్క మాట, ఏ మాటైనా సరే, ఎంత వంకరగా వచ్చినా సరే, ఆ నోట వినాలని ఆవిడ కోరిక. దానికోసం ఆవిడ ఏమైనా ఇచ్చేది. ఇవ్వడానికి ఆవిడ దగ్గర మాటలు తప్ప ఏమీ లేవు, అవేమో ఆయనకు అక్కర్లేదు.

స్టూలు ఖాళీ అయింది. ఇల్లు గడవాలి. ఆవిడ నేరుగా భవనం మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఆడవాళ్ళు లిఫ్టు నడపడం ఎక్కడా చూడలేదమ్మా అన్నాడాయన, సన్నటి మీసం సవరించుకుంటూ.

"పిడి తిప్పడానికి మీసాలెందుకు బాబూ?" అందావిడ. "ఉన్నవాళ్ళు మాత్రం వాటితో ఏం తిప్పుతున్నారు?"

స్టూలు దక్కింది. మొదట్లో పిడి వదలడం కుదరక లిఫ్టు ఒకసారి గడప పైన, ఒకసారి గడప కింద ఆగేది. పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చిన ఒకాయన లిఫ్టు దిగుతూనే పడ్డాడు, నొప్పి పుట్టిన పన్ను ఒకటైతే ఊడిన పన్ను ఇంకొకటి అయింది. ఆ తర్వాత చెయ్యి కుదిరింది. ఆవిడ మనసు మాత్రం ఎప్పుడూ రెండు వీధుల అవతల ఉండేది. అక్కడ సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద రెండో అంతస్తు గది వాళ్ళ ఇల్లు. ఇన్నాళ్ళు ఊళ్ళోవాళ్ళను పైకెక్కించిన మనిషి ఇంటికి లిఫ్టు లేదు. నిలువు మెట్లు, ఒకవైపే గోడ. ఆసుపత్రి నుంచి ఆయన్ను ఇద్దరు కుర్చీలో మోసుకెళ్ళి పైన పెట్టారు. ఆ తర్వాత పెట్టినచోట పెట్టినట్టే ఉన్నాడు. మధ్యాహ్నం సైకిల్ కొట్టాయన ఒకసారి పైకి తొంగిచూసి, ఉన్నాడు అని సాయంత్రం ఆవిడకు చెప్పేవాడు.

ఇక ఐదో అంతస్తు పిల్లలు. రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చుని వాళ్ళు ఏం చేస్తారో భవనంలో ఎవరికీ తెలియదు. ప్లీడర్లిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది ఈ ఒక్క విషయంలోనే, వాళ్ళు పనికిమాలినవాళ్ళని. వాళ్ళలో కళ్ళజోడు పిల్ల ఒకతి, గడ్డం అబ్బాయి ఒకడు ముఖ్యులు. వాళ్ళు తయారుచేస్తున్నదాని పేరు ఒక్కముక్క. ఎవరు ఏం చేస్తున్నారో ఫోనులో ఒక్క ముక్క రాసి పంపితే, అది అందరి ఫోన్లకూ, కంప్యూటర్లకూ చేరుతుంది. అంతకుమించి రాయనివ్వదు. అప్పటికి అలాంటిది ఎవరూ ఎరగరు. ఫోనంటే ఒకరితో ఒకరు మాట్లాడుకునేదే గానీ, నడివీధిలో నిలబడి అందరితో మాట్లాడేది కాదు.

దాన్ని వాడి చూసేవాళ్ళు కావాలని కళ్ళజోడు పిల్ల ఒకరోజు లిఫ్టులో ఈవిడనే పట్టుకుంది. ఏం రాయాలే అని అడిగిందావిడ. నువ్వేం చేస్తున్నావో అదే అత్తా అంది పిల్ల.

"ఏం చేస్తాను? పైకి పోతాను, కిందికి వస్తాను."

"అదే రాయి."

ఆ ఫోన్లలో తెలుగు అక్షరాలు ఉండేవి కావు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయాలి. ఒక్కో మీటలో మూడేసి అక్షరాలు దాక్కుని ఉంటాయి, కావలసినది బయటికి వచ్చేదాకా నొక్కాలి. నేర్పడానికి పిల్ల ఎంత తంటాలు పడిందో, నేర్చుకోవడానికి ఈవిడ అంతకన్నా ఎక్కువ పడింది. కానీ పట్టు వదలలేదు. మొదటిరోజంతా అవే రెండు ముక్కలు. పైకి పోతున్నాను. కిందికి వస్తున్నాను. పైకి పోతున్నాను. కిందికి వస్తున్నాను. ఎవరో పిచ్చిది అనుకున్నారు కొందరు. ఇంత నిజం చెప్పే మనిషిని చూడలేదన్నారు ఇంకొందరు. ఒకరోజు మెట్ల కింద పిల్లి ఈనిందని రాయబోతే అక్షరం తిరగబడి, మెట్ల కింద పెళ్ళి మూడు పిల్లల్ని పెట్టింది అని వెళ్ళిపోయింది. దాంతో ఆవిడ పేరు మోగిపోయింది.

"అత్తా, నీ వెంట చాలామంది పడుతున్నారు," అంది కళ్ళజోడు పిల్ల. ఒకరి ముక్కలు రోజూ చదువుతామని చేరడాన్ని వాళ్ళు వెంటపడటం అనేవాళ్ళు.

"వయసులో ఉన్నప్పుడు ఒక్కడూ పడలేదు. ఇప్పుడు మోకాళ్ళు పోయాక పడుతున్నారా? పరుగెత్తక్కర్లేదని ధైర్యం కాబోలు," అందావిడ.

అయితే ఆవిడ దాన్ని పట్టుకున్నది వెంటపడేవాళ్ళ కోసం కాదు. ఆ పిల్ల తన పాత ఫోనొకటి ఇచ్చి, ఇంట్లో మావయ్యకు పెట్టు, నువ్వు రాసేవన్నీ, నీ పేరెత్తి ఎవరు రాసినా అవన్నీ ఆయన చేతిలో పడతాయి, ఆయన కూడా రాయొచ్చు అంది. ఆయనకు అందులో ఇంటాయన అని పేరు పెట్టింది. ఎడమచెయ్యి బొటనవేలు బాగానే ఆడుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడ కన్నా ఆయనకే బాగా వచ్చు, భవనంలో బోర్డులన్నీ కంఠతా. నోరు అక్కర్లేదు, నవ్వేవాళ్ళు ఎదురుగా ఉండరు. ఆవిడకు పెద్ద ఆశ పుట్టింది.

అప్పట్నుంచీ ఆవిడ ముక్కలు మారిపోయాయి. మూడులో బీమా గుమస్తాకు కొత్త బూట్లు, కిర్రుమంటున్నాయి. ప్లీడర్లిద్దరూ ఒకే సారి ఎక్కారు, ఒకరు గోడను చూశారు, ఇంకొకరు నన్ను చూశారు. పిడి మళ్ళీ వదులైంది, నువ్వైతే ఏం చేసేవాడివి? మందు వేసుకున్నావా? ఈ చివరిది ఊరంతటినీ అడిగినట్టు ఉండేది. వేసుకున్నాం అత్తా అని ఎక్కడెక్కడివాళ్ళో జవాబులు పెట్టేవాళ్ళు. జవాబు రావలసినచోటి నుంచి మాత్రం రాలేదు. కళ్ళజోడు పిల్ల కంప్యూటర్లో ఆయన పేరు నొక్కి చూపించేది. పేరు కింద ఒకటే వాక్యం, పిల్లలు ముందే రాసిపెట్టినది: ఇంకా ఏ ముక్కా అనలేదు.

చదువుతున్నాడని మాత్రం ఆవిడకు తెలుసు. పొద్దున నిండుగా చార్జి పెట్టి వెళ్ళిన ఫోను సాయంత్రానికి నీరసించి ఉండేది. ఊరికే ఉంచితే ఫోను అలా అలిసిపోదు. వింటున్నాడు, పలకడు. అది ఇంకా పెద్ద మంట. ఒకరోజు కోపమొచ్చి, రాయి మీద నీళ్ళు పోస్తున్నాను అని రాసింది. అదీ అందరికీ తెగ నచ్చింది. ఆయన పలకలేదు.

ఇలా ఉండగా ఐదో అంతస్తుకు ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని హడావుడి మొదలైంది. ఆయనకు నచ్చి డబ్బు పెడితే ఒక్కముక్క బతుకుతుంది, లేకపోతే పిల్లలు కంప్యూటర్లు మూటగట్టుకుని ఎవరిళ్ళకు వాళ్ళు పోవడమే. మాట్లాడటానికి మేమున్నాం, చూపించడానికి నువ్వు కావాలత్తా అని కళ్ళజోడు పిల్ల బతిమాలింది. నేనేమన్నా కొలువులో పెట్టే బొమ్మనా అందావిడ, కానీ ఆ పొద్దున జడ రెండోసారి దువ్వుకుంది.

పెద్దమనిషి ఉదయమే వచ్చాడు, అడుగు వినపడని మెత్తటి చెప్పులతో. ఆయన్ను పైన దించి కిందికొచ్చిన కాసేపటికి ఐదో అంతస్తు గంట మోగింది. ఆవిడ స్టూలు మీద సర్దుకుని ఒక ముక్క రాసింది. ఏ దురుద్దేశమూ లేదు, ఉన్నమాటే రాసింది.

పైనుంచి పిలుపు వచ్చింది. పోతున్నాను. మళ్ళీ కిందికి ఎప్పుడొస్తానో.

ఆ ముక్క వెళ్ళడంతోనే చార్జి అయిపోయి ఫోను కన్ను మూసింది. ఆవిడ దాన్ని సంచిలో పడేసి, లిఫ్టును ఐదో అంతస్తులో ఆపి, కటకటాలు తెరిచిపెట్టి లోపలికి వెళ్ళింది. కటకటాలు తెరిచి ఉంటే లిఫ్టు కదలదు. కింద నిలబడినవాళ్ళు గంట కొట్టీ కొట్టీ, తిట్టుకుంటూ మెట్లు పట్టారు. అందులో బీమా గుమస్తా ఒకడు. తన సీటుకు చేరి, రొప్పు తీరకముందే కంప్యూటర్లో రాశాడు: అత్త పైకి పోయింది. లిఫ్టు ఆగిపోయింది.

అది చదివినవాళ్ళలో ఆవిడ లిఫ్టు నడుపుతుందని తెలిసినవాళ్ళు నవ్వుకున్నారు. తెలియనివాళ్ళు ఎక్కువ. ఎవరో, అయ్యో, అత్త పోయిందా అన్నారు. దాని కింద ఇంకెవరో, అవునట, లిఫ్టు ఆగి పోయిందట అన్నారు. ఆగిపోయింది అన్న మాటను మధ్యలో విరిచేసరికి లిఫ్టు ఆగడమూ అత్త పోవడమూ రెండూ జరిగిపోయాయి. పైనుంచి పిలుపు వచ్చిందని తనే రాసుకుంది చూడండి, ముందే తెలిసిందన్నమాట, ఎంత పుణ్యాత్మురాలో అని మూడోవాళ్ళు అందుకున్నారు. ఇక ఆపేదెవరు?

పైన పిల్లల గదిలో గోడ నిండా ఒక తెర ఉంది. ఎవరు ఏ ముక్క పంపినా దాని మీద పడుతుంది. గడ్డం అబ్బాయి ఆ తెరకు వీపు పెట్టి, ఇది మనుషులను ఎంత దగ్గర చేస్తుందో పెద్దమనిషికి గడగడా చెబుతున్నాడు. లిఫ్టత్త పక్కన కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ ఊదుకుని తాగుతోంది. పెద్దమనిషి మాత్రం అబ్బాయిని చూడటం మానేసి తెరనే చూస్తున్నాడు.

"ఈ అత్త ఎవరు బాబూ? పాపం, ఎప్పుడు పోయారు?" అన్నాడాయన.

అబ్బాయి వెనక్కి తిరిగి నోరు తెరిచాడు. అది మళ్ళీ మూయడం మరిచిపోయాడు. లిఫ్టత్త ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివి, పక్కనున్న పిల్లను మోచేత్తో పొడిచింది.

"ఎవరే పోయింది?"

"నువ్వే అత్తా."

"నేనా? ఎప్పుడు?"

"ఇప్పుడే. టీ తాగుతూ."

కళ్ళజోడు పిల్ల కంగారుగా మీటల మీద చేతులు పెట్టింది, అత్త క్షేమం అని రాసేద్దామని. లిఫ్టత్త ఆ చెయ్యి పట్టుకుంది. తెర మీద ముక్కలు వానలా పడుతున్నాయి. అత్తలాంటి మనిషి మళ్ళీ పుట్టదు. ఇక మందు వేసుకున్నావా అని అడిగేదెవరు? పొద్దున్నే అత్త మాట చదివితే గానీ నాకు రోజు మొదలయ్యేది కాదు.

"ఆగవే, తొందరేముంది," అంది లిఫ్టత్త. "ఇన్నేళ్ళు బతికి ఉంటే ఒక్కరూ ఒక్క మంచి మాట అనలేదు. ఇంకో నాలుగు రానీ. అప్పటిదాకా పోయే ఉంటాను."

పెద్దమనిషి నవ్వాడు. గడ్డం అబ్బాయికి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ గ్లాసు కింద పెట్టి, కాలు మీద కాలు వేసుకుని, తన మంచితనం గురించి అక్షరం అక్షరం చదువుకోసాగింది. అంత హాయి ఆవిడ ఈమధ్య ఎరగదు.

అప్పుడు తెర మీద ఒక ముక్క పడింది. ముక్క కూడా కాదు, ఒక్క అక్షరం.

ఇంటాయన: ర

ఎవరిదో చెయ్యి జారిందనుకున్నారు పిల్లలు. దాని వెనకే ఇంకొకటి వచ్చింది.

ఇంటాయన: రా

లిఫ్టత్త కాలు మీద కాలు తీసింది. మధ్యలో ఎవరివో పెద్ద పెద్ద సంతాపాలు వచ్చి ఆ పేరును పైకి తోసేశాయి. ఆవిడ లేచి తెర దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆవిడ నీడ తెర మీద పడింది. పక్కకు జరగమని ఎవరూ అనలేదు.

ఇంటాయన: కిందికి రా

ఆయనకు లిఫ్టు సంగతి తెలియకనా? ఆ పిలుపు ఐదో అంతస్తు పిలుపేనని ముందు అనుకునే ఉంటాడు. కానీ ఆవిడ పేరెత్తి రాసినవన్నీ ఆ గదిలో ఆయన ఒక్కడి చేతిలో పడ్డాయి. పోయిందట, పోయిందట అని అన్ని నోళ్ళు అంటుంటే, ఎదురు చెప్పడానికి పక్కన మనిషి లేడు. ఆవిడ ఫోనేమో సంచిలో కన్ను మూసి ఉంది. నాలుగు మంచి మాటల కోసం తాను టీ తాగుతూ చచ్చిపోయి కూర్చుంది. ఇదంతా ఆవిడకు ఒక్కసారి తగిలింది. వద్దన్నా చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

"మావయ్య రాశారత్తా," అంది కళ్ళజోడు పిల్ల మెల్లిగా. "ముక్క అన్నారు."

"చదివాను," అంది లిఫ్టత్త.

ఇంకొకటి పడింది.

ఇంటాయన: నేనే వస్తున్నా

నిలువు మెట్లు, ఒకవైపే గోడ. ఆ గోడ కూడా దిగేటప్పుడు పనికిరాని కుడిచేతి వైపు. ఆవిడ గది దాటి వసారాలోకి వచ్చేసింది. వెనకనుంచి పిల్ల, అత్తా లిఫ్టు ఉందిగా అని అరుస్తూనే ఉంది. ఆ లిఫ్టు ఎంత నెమ్మదో ఆవిడకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? మోకాళ్ళు పీకుతున్నా, చీర ఒక చేత్తో ఎత్తిపట్టి మెట్లు దిగింది. రెండో అంతస్తులో ప్లీడర్లిద్దరూ ఒకే కంప్యూటర్ ముందు తలలు చేర్చి ఆవిడ చావు గురించి చదువుతున్నారు. ఎదురుగా ఆవిడ వెళ్ళేసరికి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. ఆవిడ ఆగి చూడలేదు.

వీధి దాటుతూ ఆవిడ తిట్టుకుంటూనే ఉంది. రాసినవాళ్ళను, చదివినవాళ్ళను, ఫోనును, మెట్లు కట్టినవాణ్ణి, ముఖ్యంగా తనను. పడిపోయి ఉంటాడు, ఆ మలుపు దగ్గరే పడి ఉంటాడు, తల గోడకు కొట్టుకుని ఉంటుంది. ఇవన్నీ ఆవిడకు కళ్ళకు కట్టినట్టు కనపడుతున్నాయి. సందు తిరిగింది.

ఆయన సైకిల్ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. ఎడమచేత్తో కొట్టాయన భుజం పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ ఒక అడుగు వేస్తున్నాడు. అయితే ఆ భుజం దొరికింది రోడ్డు మీదికి వచ్చాకే. మెట్లన్నీ కూర్చుని, ఒక్కో మెట్టే జరిగి జరిగి దిగాడని ఆ పంచె వెనక అంటిన సున్నమూ దుమ్మూ చెబుతున్నాయి. చొక్కా గుండీలు ఒకదానివి ఒకదానికి పెట్టుకున్నాడు. ఒక కాలికే చెప్పు. వానల తర్వాత ఎండ మొహం చూడటం ఆయనకు ఇదే మొదలు, కళ్ళు చికిలించాడు. చికిలించిన కళ్ళతోనే ఆవిడను చూశాడు.

చూసి, ఆగిపోయాడు. నోరు తెరిచాడు. గొంతు మెడలో ఎక్కడో తచ్చాడుతోంది. సైకిల్ కొట్టాయన పానా పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి చూస్తున్నాడు. ఆవిడ ఆయాసాన్ని కూడా బిగబట్టింది.

"అతికే..." అన్నాడాయన. "అతికే ఉన్నావా?"

బతికే ఉన్నావా అని అడగబోయాడు. దారిలో ఒక అక్షరం జారిపోయింది. జారిందని ఆయనకు తెలిసింది. మొహం మీద సిగ్గు పాకింది. ఆ మొహం మళ్ళీ గోడ కోసం వెతుక్కునేలోపే ఆవిడ దగ్గరికి వచ్చేసింది. నవ్వలేదు. సరిదిద్దలేదు. ఆ మాటనే అందుకుంది.

"అతికే ఉన్నానయ్యా," అంది. "నీకే అతుక్కుని ఉన్నాను. ఎక్కడికి పోతాను?"

ఆయన ఆవిడ మొహంలోకి వెతికినట్టు చూశాడు. అక్కడ నవ్వు లేదు, ధారగా కారుతున్న కళ్ళున్నాయి. అది చూసి ఆయనకే నవ్వొచ్చింది. సగం మొహమే నవ్వగలదు, ఆ సగంతోనే నవ్వాడు. కొట్టాయన ఒక పాత టైరు మీద గోనెపట్టా వేసి, కూర్చోమని చూపించి, తన పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ ఆ టైరు మీద కూర్చున్నారు. ఇక ఆవిడ మొదలుపెట్టింది. ఆ మెట్లు ఒక్కడివీ ఎలా దిగావు, పడితే ఏమయ్యేది, ఎవరో ఏదో రాస్తే నమ్మడమేనా, నేను పోతే నీకు చెప్పకుండా పోతానా, ఇంతకాలం నోట్లో ఏం పెట్టుకున్నావు, పైగా చెప్పు ఒకటే ఏమిటి, రెండోది ఎక్కడ, చొక్కా ఆ వేసుకోవడమేమిటి అంటూ గుండీలు విప్పి సరిగా పెట్టడానికి పోయింది. అన్నాళ్ళుగా దాచుకున్న భయమంతా మాటలై తోసుకొస్తోంది. ఆయన ఎడమచెయ్యి ఎత్తి ఆవిడ చేతిని పట్టుకున్నాడు.

"నువ్వు మాట్లాడకు," అన్నాడు. "నేను."

ఆ ముక్క మాత్రం దారిలో ఎక్కడా తప్పిపోలేదు. అక్షరం పొల్లుపోకుండా, మూడో అంతస్తు, బీమా అన్నట్టే వచ్చింది. లిఫ్టత్త నోరు మూసుకుంది. పెళ్ళయిన నాటి నుంచి ఆ నోటిని మూయించినవాడు లేడు.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పెద్ద బరువు లాగుతున్నట్టు ఒక్కో మాటా లాగుతున్నాడు. సగం మాటలు వేరే మాటలై వస్తున్నాయి. ఫోను కోను అయింది. మెట్లు మేకులయ్యాయి. మేకుల మీద కూర్చుని దిగానన్నాడు. భవనంలో ఏమవుతోందోనని ఆవిడ అటు తల తిప్పలేదు. స్టూలు ఖాళీగా ఉంది, కటకటాలు తెరిచి ఉన్నాయి, జనం మెట్లెక్కుతుంటారు. ఎక్కనీ. అర్థమైనచోటా అర్థం కానిచోటా ఆవిడ ఊఁ కొడుతూ కూర్చుంది.

"నాకు," అన్నాడాయన. ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నాకు బియ్యం వేసింది."

భయం ఎక్కడో దారి తప్పింది. తెలిసినా ఆయన ఆగలేదు.

"చాలా బియ్యం వేసింది."

"ఊఁ," అందావిడ.